అత్తయ్య అబద్ధం ఆడటం లేదు
(అల్జీమర్స్ వ్యాధి గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన సంగతులు)

"అమ్మా, ఈ ఇంట్లో నాకు అన్నం పెట్టి రెండు రోజులైంది."

బ్రాడీపేటలో ఒక ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దావిడ దారినపోయేవారితో అన్న మాట ఇది. అప్పటికి ఆవిడ భోజనం చేసి గంట కూడా కాలేదు. మజ్జిగన్నంలోకి మాగాయ ముక్క అడిగి మరీ వేయించుకుని తిన్నారు. లోపల ఆ కంచం కడుగుతున్న కోడలికి ఈ మాట వినబడింది.

ఎదురింటివారు పైకి ఏమీ అనలేదు గానీ పలకరింపు తగ్గింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరు పెద్దలు ఆమెను పక్కకు పిలిచి మెల్లగా బుద్ధి చెప్పారు. విదేశంలో ఉన్న ఆడబిడ్డ ఫోను చేసి, "మా అమ్మకు ఒక ముద్ద పెట్టడానికి చేతులు రావడం లేదా వదినా?" అని అడిగింది. భర్తకు ఎవరిని నమ్మాలో తెలియలేదు.

ఆ కోడలు మా ఓపీకి వచ్చింది అత్తగారిని చూపించడానికి కాదు, తన తలనొప్పికి. బీపీ చూస్తే బాగా ఎక్కువగా ఉంది. నిద్రపడుతోందా అని అడగగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "డాక్టరుగారూ, మా అత్తయ్య టీచరమ్మగా చేసి రిటైరయ్యారు. అబద్ధం ఆడి ఎరగరు. అందుకే అందరూ ఆవిడ మాటే నమ్ముతున్నారు. ఇక నా మాట ఎవరు నమ్ముతారు?" అన్నది.

ప్రియ పాఠకులారా, ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. గుంటూరు పేటల నుండి, సత్తెనపల్లి, చీరాల, అద్దంకి వైపు ఊళ్ల నుండి వచ్చే కుటుంబాల అనుభవాలను కలిపి, ఎవరినీ గుర్తుపట్టడానికి వీలు లేకుండా ఇక్కడ చెబుతున్నాము. అన్ని ఇళ్లకూ మేము ముందుగా చెప్పే మాట మాత్రం ఒకటే. అత్తయ్య అబద్ధం ఆడటం లేదు. కోడలూ అబద్ధం ఆడటం లేదు. అత్తయ్యకు జబ్బు చేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ పాఠంలో ఆ జబ్బును గురించి తెలుసుకుందాము.

తిన్న సంగతి ఎలా మరచిపోతారు?

"చిన్నప్పటి సంగతులు తేదీలతో సహా చెబుతారండీ. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదా? ఇదంతా నటన" అని చాలామంది అంటారు. అనుమానం సహజమే. దీనికి జవాబు తెలిస్తే సగం తగాదాలు తీరతాయి.

మిర్చి యార్డులో కమిషన్ కొట్టును తలచుకోండి. ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఎంతకు పోయాయి అనేది గుమస్తా ఆ రోజు చిట్టాలో రాస్తాడు. ఆ తర్వాత ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. ఒక రోజు గుమస్తా రాయడం మానేశాడనుకోండి. పాత ఆవర్జాలు బీరువాలో భద్రంగానే ఉంటాయి. పదేళ్ల కిందటి లెక్క అడిగినా దొరుకుతుంది. ఈ రోజు లెక్క మాత్రం ఎక్కడా ఉండదు, ఎందుకంటే అసలు రాయనే లేదు.

మన మెదడులో ఆ గుమస్తా పని చేసే భాగాన్ని హిప్పోకాంపస్ అంటారు. అల్జీమర్స్ వ్యాధి సాధారణంగా మొదట దెబ్బతీసేది ఈ ప్రాంతాన్నే. అందుకే పెళ్లినాటి సంగతులు, ఉద్యోగంలో చేరిన రోజు, చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తనలు మిగులుతాయి. గంట క్రితం తిన్న అన్నం మిగలదు. ఆవిడ అన్నం తిన్నది నిజమే. తినలేదని ఆవిడకు తోచడమూ నిజమే. ఆకలి తీరిందన్న కబురు కూడా దెబ్బతిన్న మెదడుకు సరిగా అందకపోవచ్చు. ఆ మాట ఆవిడ చేత జబ్బు అనిపిస్తున్నది, కోడలి మీద కోపం కాదు.

మామూలు మరుపు, జబ్బు మరుపు

వయసు పెరిగితే కొంత మరుపు అందరికీ వస్తుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటాము. పరిచయస్తుని పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, సాయంత్రానికి గుర్తుకు వస్తుంది. దీనికి భయపడనవసరం లేదు. రోజువారీ పనికి అడ్డుపడే మరుపు, నెలలు గడిచేకొద్దీ పెరిగే మరుపు వేరు. ఈ కింది గుర్తులను గమనించండి.

1. అడిగిన ప్రశ్ననే పది నిమిషాల్లో నాలుగైదుసార్లు అడగడం. జవాబు చెప్పిన సంగతే గుర్తులేకపోవడం.

2. చేయి తిరిగిన పనిలో తడబడటం. ఏళ్ల తరబడి వండిన గోంగూర పచ్చడిలో ఉప్పు రెండుసార్లు వేయడం, లేదా అసలు వేయకపోవడం. తర్వాత ఏం చేయాలో తెలియక పొయ్యి దగ్గర నిలబడిపోవడం.

3. డబ్బు లెక్క తప్పడం. క్వింటాళ్ల లెక్కలు నోటితో వేసిన వ్యక్తి కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్క తేల్చుకోలేకపోవడం.

4. తెలిసిన దారి తప్పడం. బ్రాడీపేటలో ఇల్లు చెప్పాలంటే లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు చెబుతాము. ఇరవై ఏళ్లుగా నాలుగో లైనులో ఉంటున్న మనిషి పాల ప్యాకెట్టు కొనుక్కుని వస్తూ, లైనులన్నీ ఒకేలా కనబడి, తన ఇల్లు ఏదో తెలియక నిలబడిపోవడం.

5. మాట దొరకకపోవడం. "గ్లాసు" అనడానికి "ఆ నీళ్లు తాగేది" అనడం, మాట మధ్యలో ఆగిపోవడం.

6. తేదీ, నెల, పండుగ తెలియకపోవడం. పగలో రాత్రో తేల్చుకోలేకపోవడం.

7. వస్తువులను వింత చోట్ల పెట్టడం, ఎవరో దొంగిలించారని అనడం. బంగారు గాజులు బియ్యం డబ్బాలో దాచి పనిమనిషిని అనుమానించడం.

8. స్వభావం మారడం. నెమ్మదైన మనిషికి ఊరికే కోపం రావడం. కలుపుగోలు మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చోవడం.

ఏదో ఒక్కటి ఒక్కసారి జరిగితే కంగారు పడవద్దు. రెండు మూడు గుర్తులు కొన్ని నెలలుగా కనబడుతూ, అంతకంతకూ పెరుగుతుంటే వైద్యునికి చూపించాలి. సామాన్యంగా ఇంట్లోవారు "పెద్దతనం కదా" అని రెండు మూడేళ్లు గడిపేస్తారు. కొందరు గాలి సోకిందని, ఎవరో ఏదో చేశారని తిప్పుతారు. పోగొట్టుకునేది ఆ మంచి కాలాన్నే.

ఈ పేరు ఎలా వచ్చింది?

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 51 ఏళ్ల స్త్రీని ఆమె భర్త మానసిక చికిత్సాలయానికి తీసుకొచ్చాడు. ఆమె పేరు ఆగస్టె డేటర్. భర్తను అకారణంగా అనుమానించడంతో ఆమె జబ్బు బయటపడింది. తర్వాత మరుపు ముదిరింది. భర్త పేరేమిటని అడిగితే తన పేరే చెప్పేది. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ ఆ మాటలను శ్రద్ధగా రాసిపెట్టుకున్నాడు. 1906లో ఆమె మరణించిన తర్వాత ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. నరాల కణాల బయట ఒక రకమైన మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల వంటివి కనబడ్డాయి. అదే సంవత్సరం నవంబరులో ఆ సంగతి వైద్యుల సభలో వివరించాడు. 1910లో క్రెపెలిన్ అనే ప్రసిద్ధ వైద్యుడు తన గ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు.

ఆ మచ్చలు అమిలాయిడ్ అనే ప్రోటీను వల్ల, ఆ చిక్కులు టావ్ అనే ప్రోటీను వల్ల ఏర్పడతాయని తర్వాత తెలిసింది. లక్షణాలు పైకి కనబడటానికి 15, 20 ఏళ్ల ముందు నుండే ఇవి మెదడులో పేరుకోవడం మొదలవుతుంది. జ్ఞాపకం, ఆలోచన, పనితీరు దెబ్బతినే జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు. ఆ రోగుల్లో 100కి 60 నుండి 70 మందికి కారణం అల్జీమర్స్. మెదడు రక్తనాళాలు మూసుకుపోయి వచ్చే డిమెన్షియా మరొకటి. బీపీ, షుగరు ఎక్కువగా ఉన్న మన జిల్లాల్లో దీన్ని కూడా గుర్తుంచుకోవాలి. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 100కి సుమారు ఏడుగురికి, మొత్తం మీద 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. పురుషులకన్నా స్త్రీలలో, పట్నాలకన్నా పల్లెల్లో ఇది ఎక్కువగా కనబడింది. ఇది పెద్ద చదువులవారి జబ్బో, విదేశీయుల జబ్బో కాదు.

మరుపు అంతా అల్జీమర్స్ కాదు

ఈ భాగాన్ని మరొక్కసారి చదవమని మనవి. మరుపుతో వచ్చినవారిలో కొందరికి నయమయ్యే కారణాలు ఉంటాయి. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, మనసు కుంగిపోవడం, ఎప్పుడో పడినప్పుడు తలకు దెబ్బ తగిలి లోపల నెమ్మదిగా రక్తం చేరడం, మెదడులో నీరు చేరడం వంటివి. కొన్ని రకాల నిద్రమాత్రలు, జలుబు, దురద మాత్రలు కూడా పెద్దవారిలో తికమకను పెంచుతాయి. వీటిని కనిపెట్టి చికిత్స చేస్తే మనిషి తేరుకోవచ్చు. పరీక్ష చేయించకుండా అల్జీమర్స్ అని ముద్ర వేసుకోవడం కూడా తప్పే.

మరో సంగతి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈ రోజు ఒక్కసారిగా తికమకగా మాట్లాడితే అది అల్జీమర్స్ తీరు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నిమోనియా, షుగరు పడిపోవడం, పక్షవాతం వంటివి కారణం కావచ్చు. మే నెల ఎండల్లో ఒంట్లో నీరు, సోడియం తగ్గినా ఇలా జరుగుతుంది. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

వైద్యుడు ముందుగా ఇంట్లోవారిని వివరాలు అడుగుతాడు. తర్వాత పెద్దవారికి జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తారు. "మా అమ్మకు చదువు రాదు, పరీక్ష ఏం రాస్తుంది?" అని వెనకాడవద్దు. భారత వైద్య పరిశోధన మండలి తయారు చేయించిన పరీక్షలు తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో ఉన్నాయి. అక్షరం రానివారికి తగిన పరీక్షలు కూడా ఉన్నాయి. ఆ తర్వాత రక్త పరీక్షలు, మెదడు స్కానింగ్ ఉంటాయి.

వచ్చేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ, పాత రిపోర్టులు, కళ్లజోడు, వినికిడి మిషను తీసుకురండి. ఏ నెలలో ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని రండి. పెద్దవారి ఎదుట వారి తప్పులు చెప్పి చిన్నబుచ్చకుండా, ఆ కాగితం విడిగా వైద్యునికి ఇవ్వండి.

మన తెలుగు నేల మీద జరిగిన పరిశోధన

ఈ జబ్బు మీద లోకమంతా గమనించిన ఒక పరిశోధన హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అంటే మనం నిమ్స్ అని పిలుచుకునే ఆసుపత్రిలో జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. వారిలో 391 మంది ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారికన్నా వీరికి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనబడింది. అంటే ఇది బడి చదువు వల్ల మాత్రమే వచ్చిన మేలు కాదు.

రెండు భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. మాటలను ఎంచుకుంటూ, ఒక భాషలోనుంచి మరో భాషలోకి మారుతూ పని చేసే మెదడు జబ్బును కొంతకాలం ఓర్చుకోగలదని పరిశోధకులు భావించారు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మనవారికి ఇది మంచి కబురే. పెద్దవారితో మాట్లాడుతూ ఉండటం, వారిచేత మాట్లాడించడం మరువకండి.

మందులు ఏమి చేస్తాయి?

జబ్బును పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. ఈ మాట దాచకుండా చెప్పడం మా ధర్మం. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్ అనే మందులు కొందరిలో కొంతకాలం జ్ఞాపకాన్ని, రోజువారీ పనులను నిలబెడతాయి. వాంతి, విరేచనాలు, నాడి నెమ్మదించడం వంటి ఇబ్బందులు రావచ్చు గనుక వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. గుణం కనబడలేదని మీ అంతట మీరు ఆపవద్దు.

అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌కు 2023లో, డొనానెమాబ్‌కు 2024లో అమెరికాలో పూర్తి అనుమతి లభించింది. ఇవి తొలి దశలో ఉన్నవారికి మాత్రమే. జబ్బు వేగాన్ని కొద్దిగా తగ్గిస్తాయి, వెనక్కి మళ్లించవు. నరంలోకి ఎక్కించాలి, మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయేమోనని పదేపదే స్కానింగ్ చేయాలి, ఖర్చూ చాలా ఎక్కువ. కాబట్టి ఎవరైనా "గ్యారంటీ మందు" అంటూ పొడులు, చుక్కలు అమ్మితే పొలం అమ్మి కొనవద్దు.

రాత్రిపూట గొడవ చేస్తున్నారని మెడికల్ షాపులో మత్తు బిళ్లలు అడిగి వేయవద్దు. వాటివల్ల పడిపోయి తుంటి ఎముక విరిగినవారు ఉన్నారు. ఈ రోగులలో కొన్ని రకాల మందులు పక్షవాతం, మరణం ముప్పును కూడా పెంచుతాయి.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

మందులకన్నా ఎక్కువ మేలు చేసేది ఇంట్లోవారి తీరే.

అన్నం పెట్టలేదంటే: "ఇప్పుడేగా తిన్నావు" అని వాదించవద్దు. ఆ వాదన గెలిచినా ఐదు నిమిషాల్లో మళ్లీ మొదలవుతుంది. "అయ్యో, అలాగే అత్తయ్యా, కుక్కర్ ఎక్కించాను, ఈలోగా ఈ అరటిపండు తినండి" అనండి. రోజు భోజనాన్ని నాలుగైదు చిన్న భాగాలుగా పెట్టవచ్చు. తిన్న కంచాన్ని కాసేపు ఎదురుగా ఉంచితే కొందరికి సరిపోతుంది. షుగరు ఉంటే ఏమి పెట్టాలో వైద్యుని అడగండి.

దొంగతనం అంటగడితే: "నేను తీయలేదు" అని ప్రమాణాలు చేయవద్దు. "పదండి, ఇద్దరం వెతుకుదాం" అనండి. వారు దాచే చోట్లు రెండో మూడో ఉంటాయి, కనిపెట్టి ఉంచుకోండి. నిజమైన బంగారం ముందే భద్రపరచండి.

"మా ఇంటికి పోతాను" అంటే: సొంత ఇంట్లో ఉండి కూడా సాయంత్రం వేళ ఇలా అంటారు. వారు అడిగేది చాలాసార్లు పుట్టింటిని, అమ్మా నాన్నలు ఉన్న ఇంటిని. "ఇదే మన ఇల్లు" అని గద్దించకుండా, "మీ ఊళ్లో చెరువు ఎంత పెద్దదత్తయ్యా?" అని మాట కలపండి. చీకటి పడకముందే లైట్లు వేయండి.

పనులు: చేతులకు అలవాటైన పని చాలాకాలం మిగులుతుంది. బియ్యం ఏరడం, చింతపండు గింజలు తీయడం, పూలు కట్టడం, బట్టలు మడతపెట్టడం వంటివి ఇవ్వండి. సరిగా చేయకపోయినా సరిదిద్దవద్దు. పాటలు కూడా అలాగే మిగులుతాయి. కొడుకు పేరు చెప్పలేని తల్లి చిన్ననాటి కీర్తనను చివరి చరణం వరకు పాడటం మేము చూశాము.

భద్రత: జేబులో, చీర కొంగులో లేదా చేతి పట్టీకి ఇంటి ఫోను నంబరు ఉండాలి. గ్యాసు సిలిండరు వాల్వు రాత్రి కట్టేయండి. బాత్రూములో నేల జారకుండా చూసి, పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి. పత్తి, మిరప సాగు చేసే కుటుంబాలకు ప్రత్యేక మనవి. పురుగుమందు డబ్బాలు ఇంట్లో, వరండాలో, పశువుల కొట్టంలో ఉంచవద్దు. దాహమైన పెద్దాయనకు ఆ సీసా నీళ్ల సీసాలాగే కనబడుతుంది. తాళం వేసిన గదిలో పెట్టండి.

జబ్బు ముదిరాక మింగడం కష్టమవుతుంది, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. కూర్చోబెట్టి, మెత్తని ఆహారం, చిన్న ముద్దలుగా పెట్టాలి. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడవు.

చూసుకునే మనిషిని ఎవరు చూసుకుంటారు?

మొదట చెప్పిన కోడలి దగ్గరకు వద్దాము. ఆమె బీపీకి మందు రాశాము గానీ, ఆమెకు కావలసింది మందు ఒక్కటే కాదు. రాత్రి మూడుసార్లు లేస్తూ, పగలు నిందలు పడుతూ, ఒక్క రోజు కూడా సెలవు లేకుండా రెండేళ్లు గడిపింది. ఈ జబ్బున్న ఇంట్లో ఇద్దరు రోగులు ఉంటారు. రెండోవారు సాధారణంగా కోడలో, భార్యో, పెళ్లి కాని కూతురో అయి ఉంటారు.

మేము ఆ కుటుంబంలో అందరినీ ఒకసారి రమ్మన్నాము. విదేశంలో ఉన్న కూతురితో ఫోనులో మాట్లాడాము. వీడియోలో పది నిమిషాలు మాట్లాడేటప్పుడు తల్లి చక్కగా నవ్వుతుంది, "బాగున్నానమ్మా" అంటుంది. జబ్బు తొలి దశలో కొత్తవారి ముందు, ఫోనులో కొద్దిసేపు మామూలుగా ఉండగలరు. ఆ పది నిమిషాలు చూసి మిగిలిన రోజంతటి మీద తీర్పు చెప్పకూడదు. ఈ మాట వివరించాక ఆ కూతురు చాలాసేపు మౌనంగా ఉండిపోయింది. తర్వాత, "వదినకు ఫోను ఇవ్వండి" అన్నది.

పనిని పంచుకోవడానికి కొన్ని సూచనలు. దూరాన ఉన్న పిల్లలు డబ్బు పంపడంతో సరిపెట్టక, ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి తామే చూసుకోవాలి. కొడుకు స్నానం చేయించడం, రాత్రి కాపలా వంటి పనుల్లో వంతు తీసుకోవాలి. చూసుకునే మనిషికి వారంలో ఒక పూట తప్పనిసరిగా విశ్రాంతి ఉండాలి. కోపం వచ్చి ఒక మాట అన్నందుకు ఆమె తనను తాను పాపిగా తలచుకోనవసరం లేదు. అది అలసట.

డబ్బు సంగతులు కూడా తొలి దశలోనే చక్కబెట్టుకోవాలి. మనిషికి ఇంకా అర్థం చేసుకునే శక్తి ఉన్నప్పుడే, వారి ఇష్టప్రకారం, న్యాయవాది సలహాతో వీలునామా, బ్యాంకు నామినీ ఏర్పాట్లు పూర్తి చేయండి. అర్థం తెలియని స్థితిలో వేలిముద్ర వేయించిన కాగితం అన్యాయం, కోర్టులో తగాదాలకు దారి. ఫోనులో ఓటీపీ అడిగే మోసగాళ్లకు ఇలాంటి పెద్దలే తేలికగా దొరుకుతారు, జాగ్రత్త.

సహాయం కోసం వృద్ధుల ఉచిత సహాయవాణి 14567, మనసు బాధకు టెలీ మానస్ 14416 ఉన్నాయి. 1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ సంఘం, అంటే ఏఆర్‌డీఎస్‌ఐ, కుటుంబాలకు అవగాహన కలిగించడానికి పని చేస్తున్నది. హైదరాబాదులో కూడా దాని శాఖ ఏర్పడింది. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 21ని ప్రపంచ అల్జీమర్స్ దినంగా పాటిస్తారు.

ఇరుగుపొరుగు, సంఘము చేయగల పని

ఒక పెద్దావిడ "నాకు అన్నం పెట్టడం లేదు" అంటే ఏం చేయాలి? పట్టించుకోకుండా పోవద్దు, ఎందుకంటే నిజంగా అన్నం పెట్టని ఇళ్లూ లోకంలో ఉన్నాయి. వెంటనే నమ్మి నింద వేయవద్దు కూడా. లోపలికి వెళ్లి చూడండి. ఆవిడ బరువు తగ్గిందా, బట్టలు శుభ్రంగా ఉన్నాయా, అదే మాట మళ్లీ మళ్లీ అంటోందా గమనించండి. కోడలితో, "నువ్వు తిన్నావా అమ్మాయ్?" అని అడగండి. అనుమానం తీరకపోతే ఇద్దరినీ వైద్యుని దగ్గరకు పంపండి.

స్త్రీల సమాజము సభ్యులు వారానికి రెండు గంటలు వంతులవారీగా అలాంటి ఇంట్లో కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలు బజారుకో, ఆరాధనకో వెళ్లి వస్తుంది. ఆరాధన మధ్యలో ఒక పెద్దాయన లేచి తిరిగితే గుసగుసలాడకుండా చేయి పట్టుకుని కూర్చోబెట్టండి. ఇవి ఖర్చు లేని సహాయాలు.

రాకుండా చూసుకోగలమా?

"మా అమ్మకు వచ్చింది, నాకూ వస్తుందా?" అని చాలామంది అడుగుతారు. తల్లిదండ్రులకు ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది గానీ తప్పక వస్తుందని కాదు. నేరుగా వంశంలో దిగే రకం చాలా అరుదు.

మనం మార్చుకోగల కారణాలు 14 ఉన్నాయని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో తెలిపింది. అవి: బీపీ, షుగరు, చెడు కొలెస్టరాల్, ఊబకాయం, పొగతాగడం, మితిమీరిన మద్యం, శరీర శ్రమ లేకపోవడం, తలకు దెబ్బలు, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, మనసు కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం, చిన్నతనంలో చదువు లేకపోవడం. ఇవన్నీ సరిచేయగలిగితే లోకంలో డిమెన్షియా రోగుల్లో 45 శాతం మంది విషయంలో జబ్బును నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యపడవచ్చని వారి అంచనా.

కాబట్టి నలభై ఏళ్లు దాటినవారు బీపీ, షుగరు చూపించుకోండి. ఊరగాయల ఉప్పు తగ్గించండి. రోజూ అరగంట నడవండి. బండి మీద హెల్మెట్ పెట్టుకోండి. నాన్నగారికి చెవుడు వచ్చిందని నవ్వుకోకుండా వినికిడి మిషను కొనిపెట్టండి. కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేయవద్దు. ఆడపిల్లను బడి మాన్పించవద్దు.

ముగింపు

ఆ అత్తగారికి పరీక్షల్లో బీ12 తక్కువగా ఉన్నట్టు తేలింది, ఇంజెక్షన్లు ఇచ్చాము. దానితో కొంత హుషారు వచ్చింది గానీ, అసలు జబ్బు అల్జీమర్సే. ఇప్పటికీ గేటు దగ్గర కూర్చుంటారు. ఇప్పటికీ అన్నం పెట్టలేదనే అంటారు. మారింది చుట్టూ ఉన్నవారు. ఎదురింటావిడ ఇప్పుడు, "అయ్యో, అలాగా పెద్దమ్మా, పదండి మీ కోడలిని అడుగుదాం" అంటూ చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తున్నది. కొడుకు ఆదివారం పూట తల్లి దగ్గర ఉంటున్నాడు. కోడలి బీపీ అదుపులోకి వచ్చింది.

జబ్బు నయం కాలేదు. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అబద్ధాలకోరు అనడం లేదు. మీ ఇంట్లోనో, మీ లైనులోనో ఇలాంటి పెద్దలు ఉంటే ఈ పత్రికను వారి ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించండి.

కుటుంబంలో, సమాజ కూటాల్లో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. తిన్న సంగతి మరచిపోయే వ్యక్తికి చిన్ననాటి సంగతులు ఎలా గుర్తుంటాయి? మీ మాటల్లో చెప్పండి.

2. ఒక్కసారిగా వచ్చిన తికమకకు, నెమ్మదిగా పెరిగే మరుపుకు తేడా ఏమిటి? మొదటిదానికి ఏం చేయాలి?

3. మరుపును కలిగించే, చికిత్సతో బాగుపడగల కారణాలు మూడు చెప్పండి.

4. మీ ఇంట్లో పెద్దవారిని ఎక్కువగా చూసుకుంటున్నది ఎవరు? వారికి చివరిసారి ఒక పూట విశ్రాంతి దొరికింది ఎప్పుడు?

5. ఈ వారం ఆ పనిలో మీరు తీసుకోగల వంతు ఏది?